ఎత్తినారు సరే, పోసేది యాడ?

2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణా నీళ్లకు జలహారతి ఇచ్చినారు. శ్రీశైలం జలాశయం నుంచి 738 కిలోమీటర్లు కాలవ పట్టుకుని వచ్చిన నీళ్లు అవి. దానికి ఏడాదిన్నర ముందు, 2024 ఫిబ్రవరి 26న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రామకుప్పం మండలం రాజుపేట దగ్గర ఇదే కుప్పం బ్రాంచి కాలవకు నీళ్లు విడిచినారు. రెండు మార్లూ మన ఫోన్లు వేడెక్కినాయి. 'మా సారు తెచ్చినాడు' అని ఒక గుంపు, 'మా అన్న తెచ్చినాడు' అని ఇంకో గుంపు. మీమ్స్, రీల్స్, బూతులు.

ఆ తగువులో నేను దూరను. నన్ను పట్టుకున్నది ఒక మాట. ఆ రెండు మార్లూ పేపర్లలో, టీవీల్లో, ఫ్లెక్సీల మీద కనిపించిన మాట: ఎత్తిపోతల. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లకాయలకు ఈ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎన్నికలప్పుడు వింటాం, బడ్జెట్ అప్పుడు వింటాం. రోజూ వినే మాట కాబట్టి దాని లోపల ఏముండాదో ఎవరూ చూడరు. విప్పి చూస్తే మాత్రం, మనం ప్రభుత్వాన్ని ఏం అడగాల్నో ఆ మాటలోనే రాసిపెట్టి ఉండాది.

మాటను విప్పితే

ఎత్తిపోతలో రెండు పనులు ఉండాయి. ఎత్తడం ఒకటి, పోయడం ఒకటి. కోయడం నుంచి కోత, మేయడం నుంచి మేత, నేయడం నుంచి నేత వచ్చినట్టే పోయడం నుంచి పోత వచ్చింది. నీళ్లు ఎత్తి పోసే పని ఎత్తిపోత. 'ఎత్తిపోతల పథకం' అంటే అట్లా ఎత్తి పోసే పనుల పథకం. పేపరోళ్లు జాగా మిగిలించుకునేకి 'పథకం' తీసేసి ఉత్త 'ఎత్తిపోతల' అని రాస్తా ఉండారు. ఆ తోక తెగిన మాటే మన నోట్లో కూడా నిలబడిపోయింది.

మన తెలుగులో రెండు పనులు ఒకదాని వెనక ఒకటి వస్తే బరువు రెండోదాని మీద పడుతుంది. 'అమ్మ వండి పెట్టింది' అంటాం. కడుపు నిండింది పెట్టినప్పుడు. వండిన కూడు పొయ్యి మీదే ఉంటే 'వండి పెట్టింది' అని ఎవరూ అనరు. ఎత్తిపోత కూడా అంతే. 'ఎత్తి' అనేది ముందు జరగాల్సిన పని, 'పోత' అనేది అసలు పని. నీళ్లను గుట్టెక్కించి కాలవలో నిలబెడితే అది సగం మాటే. చెరువులో పడితేనే, కయ్యలో పడితేనే మాట పూర్తయినట్టు.

కుప్పం పిల్లకాయలకు పక్కనే కర్ణాటక, పక్కనే తమిళనాడు. కన్నడంలో దీన్ని 'ఏత నీరావరి' అంటారు. తమిళంలో 'నీరేట్రు పాసనం'. తమిళంలో 'ఏరు' అంటే ఎక్కు, 'ఏట్రు' అంటే ఎక్కించు. మనం ఏతం అనేదాన్ని వాళ్లు 'ఏట్రం' అనేది దాన్నుంచే. అంటే పక్క రెండు భాషల వాళ్లూ కోట్ల రూపాయల పథకానికి పాత ఏతం పేరునే ఉంచుకున్నారు. ఆ పేర్లలో నీళ్లు ఎక్కడం కనిపిస్తాది. మన మాటలో ఎక్కడంతో పాటు పోసే చెయ్యి కూడా కనిపిస్తాది.

పల్నాడులో మాచర్ల దగ్గర చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు పేరు కూడా ఎత్తిపోతలే. యతులు తపస్సు చేసిన తావు కాబట్టి 'యతి తపో తలం', అదే నలిగి ఎత్తిపోతల అయిందని ఒక కత చెప్తారు. ఎవరో కడవతో ఎత్తి పోసినట్టు నీళ్లు పడతా ఉంటే జనం ఆ పేరు పెట్టినారని నాకు అనిపిస్తాది. ఏదైనా కానీ, ఒకే పేరు ఉండే రెండింటికీ ఒక తేడా ఉండాది. ఆడ నీళ్లు వాటంతట అవే పడతాయి. ఈడ మనం కరెంటు పెట్టి ఎక్కించాల. శ్రీశైలం కత చెప్పేటప్పుడు ఈ తేడా మళ్లీ పనికొస్తాది.

తాతల కాలం ఎత్తిపోతలు

మోటర్లు రాకముందు మన ఊళ్లలో నీళ్లు తోడేది మూడు రకాలు. గుంతలో నీళ్లు పైపైనే ఉంటే గూడ. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు కట్టిన గూడను ఊపుతా నీళ్లను కయ్యలోకి చల్లేది. కొంచెం లోతుంటే ఏతం. నిలువు కంభం మీద అడ్డంగా పొడుగాటి మాను. దాని మీద ఒక మనిషి అటూ ఇటూ నడుస్తా ఉంటే ఇంకో కొసన వేలాడే బాన బాయిలోకి దిగి నీళ్లతో పైకొస్తాది. గట్టున ఉండే మనిషి దాన్ని వంచి కాలవలో పోస్తాడు. ఈ ఏతాన్ని దొరలు 'పికోటా' అని రాసుకున్నారు. అది పోర్చుగీసు మాట. ఓడలో నీళ్లు తోడే పంపు కాడకు వాళ్ల పేరు. మన ఏతాన్ని చూసి ఆ ఓడ పంపు గుర్తొచ్చి ఉంటాది.

బాయి లోతుంటే కపిల. తెలంగాణలో మోట అనేది ఇదే. కన్నడంలో కపిలె, తమిళంలో కవలై. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగతా తాడు లాగితే తోలు బాన పైకొస్తాది. బాన అడుగున ఏనుగు తొండం మాదిరి తోలు గొట్టం ఉంటాది. గట్టు దగ్గరికి రాంగానే ఆ తొండం నీళ్లను తొట్టిలో పోస్తాది. ఎత్తేదీ పోసేదీ ఒకే మనిషి కండ్ల ముందర. బాయిలో నుంచి ఎన్ని బానలు వచ్చినాయో, ఎన్ని కయ్యలు తడిసినాయో కపిల తోలే ఆయనకు లెక్క తెలుసు. ఎద్దులు ఎంత అలసిపోయినాయో కూడా తెలుసు. నడాన నీళ్లు కారిపోతే ఆ పొద్దే బాన కుట్టించుకుంటాడు.

హిమాలయాల వైపు ఇంకో రకం. ఆడ కొండ ఏర్లు ఒరవడిగా పారతాయి. ఆ ఒరవడితో తిరిగే పిండి మరలను 'ఘరాట్' అంటారు. మనిషి గింజలు పోస్తే నీళ్లు పిండి విసిరి ఇస్తాయి. మన బాహుదా, కౌండిన్య, పాలారు వానొస్తే పారే ఏర్లు, వాన పోతే ఇసక. వాటిని నమ్ముకుని మర కట్టేకి కుదరదు. అందుకే మన తాతల పనిముట్లు గూడ, ఏతం, కపిల అన్నీ నీళ్లను కదిలించేవే. మనకు నీళ్లు చాకిరీ చేసింది తక్కువ. నీళ్ల కోసం మనం చేసిన చాకిరీ ఎక్కువ.

నీళ్లు తిప్పే చక్రం, నీళ్లను తోసే చక్రం

ట్రాక్టర్ ఉండే ప్రతి ఇంట్లో, జేసీబీ నడిపే ప్రతి పిల్లోడి నోట్లో ఉండే మాట 'హైడ్రాలిక్'. గ్రీకులో 'హుదోర్' అంటే నీళ్లు, 'ఔలోస్' అంటే గొట్టం, పిల్లనగోవి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఆయన నీళ్ల ఒత్తిడితో గాలిని తోసి మోగే వాద్యం ఒకటి తయారు చేసినాడు. దాని పేరు 'హుద్రౌలిస్'. హైడ్రాలిక్ అనేది దాని వారసురాలు. ఈ పొద్దు జేసీబీ చెయ్యిని ఎత్తేది నూనె. మాటలో నీళ్లు మిగిలినాయి, మిషన్‌లో నీళ్లు లేవు. మాటలకు ఇట్లా జరుగుతుంది. ఎత్తిపోతలకు కూడా ఈ గతి పట్టకూడదనేదే నా బాధ.

ఇంకో మాట 'టర్బైన్'. లాటిన్‌లో 'టర్బో' అంటే సుడి, బొంగరం. 1822లో క్లాడ్ బుర్దా అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ పేరు పెట్టినాడు. ఆయన శిష్యుడు బెన్వా ఫూర్నెరో 1827లో పనిచేసే టర్బైన్ చేసి చూపించినాడు. పైనుంచి నీళ్లు పడి బొంగరాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది. అదే పనిని తిరగేసి, కరెంటుతో చక్రాన్ని తిప్పితే నీళ్లు పైకి పోతాయి. ఒకటి టర్బైన్, ఇంకొకటి పంపు.

ఈ రెండూ ఒకే చోట చూడాలంటే శ్రీశైలం పోవాల. కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రం తెలంగాణది. ఎడమగట్టు మిషన్లు రెండు పక్కలా తిరిగేటట్టు కట్టినవి. పగలు కరెంటు ఇచ్చి, కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను మళ్లీ పైకి తోసేవి. 1963లో శంకుస్థాపన జరిగినప్పుడు శ్రీశైలం పేరు జలవిద్యుత్ ప్రాజెక్టు. సాగునీళ్ల పని తర్వాత వచ్చి చేరింది. ఆ పేరు గొడవ ఇంకా తెగలేదు. 2021 జూలైలో తెలంగాణ కరెంటు కోసం నీళ్లు కిందికి వదిలేస్తా ఉందని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు పోయింది. ఇది జలవిద్యుత్ ప్రాజెక్టు, కరెంటు తీసుకునేది మా హక్కు అని తెలంగాణ వాదన. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. మట్టం దిగేకొద్దీ సీమ కాలవలకు నీళ్లు అందేది కష్టమైపోతుంది.

కుప్పం చెరువుకు రావాల్సిన నీళ్లు ఆడ రెండు దార్ల మధ్య నిలబడి ఉంటాయి. కిందికి పడితే కరెంటు ఇస్తాయి. పైకి ఎక్కితే కరెంటు తింటాయి. ఎంత తింటాయో ఒక మారు లెక్క వేద్దాం.

బిందె లెక్క

హంద్రీ కర్నూలు ఏరు. నీవా చిత్తూరు ఏరు. ఆ మొదలు నుంచి ఈ చివర దాకా నీళ్లు రావాలనే పథకానికి రెండు పేర్లూ కలిపి హంద్రీ-నీవా అని పెట్టినారు. నందికొట్కూరు వైపు మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లను తోడి, మెట్టు మెట్టుగా పంపులతో ఎక్కించి, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో 6 లక్షల ఎకరాల పైచిలుకుకు 40 టీఎంసీలు ఇవ్వాలనేది పథకం. 2025 జూలై 17న మల్యాలలో మోటర్లు ఆన్ చేసినప్పుడు, కాలవను వెడల్పు చేసి 3,850 క్యూసెక్కులు పారేటట్టు చేసినామని ప్రభుత్వం చెప్పింది. 3,850 క్యూసెక్కులు ఒక దినమంతా పారితే ఒక టీఎంసీలో మూడో వంతు వస్తాది. 40 టీఎంసీలు రావాలంటే ఒక గంట కూడా ఆగకుండా 120 దినాలు పారాల.

ఇప్పుడు ఎత్తు చూడండి. 885 అడుగులంటే 270 మీటర్లు. మదనపల్లె సముద్ర మట్టం కంటే దగ్గర దగ్గర 700 మీటర్ల పైన ఉండాది. తేడా 400 మీటర్ల పైమాటే. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లను ఒక మీటరు ఎత్తేకి, ఏ నష్టమూ లేకపోతే, 77 వేల యూనిట్ల కరెంటు కావాల. 400 మీటర్లకు 3 కోట్ల యూనిట్లు దాటుతాది. పంపుల్లో, పైపుల్లో పోయేది కలుపుకుంటే 4 కోట్ల యూనిట్లు అనుకోండి. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే 28 కోట్ల రూపాయలు. ఇది నేను కాగితం మీద వేసిన లెక్క. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివే పిల్లకాయలు సరిచూసుకోవచ్చు.

కోట్లు మనకు అర్థం కావు కాబట్టి బిందెల్లోకి దించుదాం. 28 కోట్ల రూపాయలను 2,831 కోట్ల లీటర్లకు పంచితే లీటరుకు ఒక పైసా. 15 లీటర్ల బిందెకు 15 పైసలు. ఎకరా నేలకు రెండంగుళాల తడి పెట్టాలంటే 2 లక్షల లీటర్లు, అంటే 2 వేల రూపాయల కరెంటు. ఒక్క తడికి. టమేటాకు ఎన్ని తడులు పడతాయో మదనపల్లె మార్కెట్‌కు బాక్సులు తోలే మీకు నేను చెప్పేదేముంది. కాలవ తవ్విన ఖర్చు, కాలవ కింద భూములు పోయినోళ్ల నష్టం ఇందులో కలపలేదు.

ఈ లెక్క చూపించి 'సీమకు ఇంత ఖర్చు దండగ' అనేవాళ్లు ఉంటారు. వాళ్లను బెంగళూరు చూడమనండి. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి మన పిల్లకాయలు పనికి పోయే బెంగళూరే. ఆ ఊరికి కావేరీ నీళ్లు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 500 మీటర్ల ఎత్తు ఎక్కి వస్తా ఉండాయి. అది దండగ అని ఎవరూ అనరు. పట్నమోళ్ల దప్పికకు పనికొచ్చే పంపు పల్లెటూరోళ్ల దప్పికకు దండగ ఎట్లా అవుతుంది? ఖర్చు పెట్టాల్సిందే. అంత ఖర్చు పెట్టి ఎత్తిన నీళ్లను మాత్రం కపిల తోలే ఆయన మాదిరి లెక్కగా పోయాల.

పేరు లేని ఎత్తిపోత

ఎత్తిపోతల అంటే ప్రభుత్వమే చేస్తాదని అనుకుంటాం. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల బోరు వేసిన ప్రతి రైతూ ఎత్తిపోతల పథకం నడిపిస్తా ఉండాడు. వెయ్యి అడుగుల బోరంటే 300 మీటర్ల ఎత్తిపోత. శ్రీశైలం నుంచి మదనపల్లెకు ఉండే ఎత్తులో ముక్కాలు వంతు. దానికి శంకుస్థాపన లేదు, హారతి లేదు. బండి బాడుగ, కేసింగు, మోటరు, కేబులు, అన్నీ అప్పు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. కానీ పాతాళంలో నీళ్లు లేకుంటే ఉచిత కరెంటు ఏం ఎత్తుతాది?

మా నాయన మూడు బోర్లు వేయించినాడు. రెండింటిలో దుమ్ము లేచింది. మూడోది రెండేండ్లు పోసి ఆగిపోయింది. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి కత ఉంటాది. అందుకే కృష్ణా నీళ్లు చెరువులో పడటం మనకు అంత ముఖ్యం. చెరువు నిండితే దాని కింద కయ్యలే కాదు, చుట్టుపక్కల బోర్లు కూడా ఊరతాయి. చెరువులో పోసిన నీళ్లు ఆయకట్టు రైతు ఒక్కడికే పోవు. మెట్ట మీద బోరుండే రైతుకు, ఊళ్లో కుళాయికి, గొర్లకు, పాడి ఆవులకు, అందరికీ అందుతాయి.

పోత ఆగే తావులు

నీళ్లు ఎత్తినాక యాడ ఆగిపోతా ఉండాయి? ఒక పార్టీని తిట్టేస్తే పనైపోతుంది అనుకునేంత చిన్న సంగతి కాదు. నాకు కనిపించేవి నాలుగు.

మొదటిది హక్కు. హంద్రీ-నీవా మిగులు జలాల మీద కట్టిన పథకం. 2014 విభజన చట్టం 11వ షెడ్యూల్‌లో దీని పేరు ఉండాది, పూర్తి చేసుకోమని రాసి ఉండాది. నీళ్ల వాటా మాత్రం ఖాయంగా లేదు. 'మిగులు' అనే మాటలోనే మన గతి తెలుస్తాది. అందరూ తాగినాక మిగిలితే మనకు. కృష్ణలో వరదొచ్చిన ఏడాది బాగుంటాది, రాని ఏడాది మన నోరు ఎండుతుంది.

రెండోది తోక. ప్రధాన కాలవ నుంచి పుంగనూరు బ్రాంచి చీలుతుంది. దాన్నుంచి పెద్దపంజాణి మండలంలో కుప్పం బ్రాంచి చీలుతుంది. అది మళ్లీ 120 కిలోమీటర్ల పైన. 110 చెరువులకు నీళ్లు, 6,300 ఎకరాలకు సాగు, 4 లక్షల మందికి తాగునీళ్లు అనేది కుప్పం బ్రాంచి లెక్క. కొమ్మకు కొమ్మ, దాని చివర మనం. చెరువు కాలవలో చివరి కయ్యకు నీళ్లు ఎట్లా వస్తాయో మనకు తెలుసు కదా. ముందర ఉండే కయ్యలన్నీ నిండినాకనే. పైన ఉండే రైతుదీ తప్పు లేదు, వాడి కయ్యా ఎండతా ఉండాది. ఎవరికి ఎన్ని దినాలు అనే వంతు ముందే తేల్చి, రాసి, అందరికీ చెప్పకపోతే చివరోడికి దక్కదు.

మూడోది కాలవ. సిమెంటు లైనింగ్ వేస్తే నీళ్లు ఇంకిపోవు, చివరి దాకా వడిగా పోతాయని ఇంజనీర్ల మాట. లైనింగ్ వేస్తే కాలవ పక్క బోర్లు ఊరవు అని అనంతపురం వైపు రైతుల మాట. రెండూ నిజమే. లైనింగ్ వేసే తావున, ఆ పక్క చెరువులకు తూము పెట్టి నీళ్లు పోస్తే రెండు పక్కలా న్యాయం జరుగుతుంది. ఆ తూముల సంగతి తేల్చకుండా లైనింగ్ కావాలా వద్దా అని కొట్లాడుకుంటే పైవాళ్లకు, కిందివాళ్లకు మధ్య వైరమే మిగులుతుంది.

నాలుగోది మన చెరువే. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ పారితే కింది చెరువుకు నీళ్లు. ఆ నడుమ ఉండే వంకను చదును చేసి మడి చేసుకున్నోళ్లు ఉండారు, ప్లాట్లు వేసి అమ్ముకున్నోళ్లు ఉండారు. చెరువులో సర్కారు తుమ్మ, పూడిక. తూము పలకలు విరిగిపోయి ఉంటాయి. ఒకప్పుడు ఊరికి నీరుగంటి అని ఒకాయన ఉండేవాడు. తూము తీసేది, మూసేది, ఏ కయ్యకు ఎంత సేపు అనేది ఆయన చేతిలో ఉండేది. పంట చేతికొచ్చినప్పుడు ఇంటింటా గింజలు కొలిచేవాళ్లు. ఇప్పుడు ఆ పని చేసే మనిషి చానా ఊళ్లలో లేడు. 738 కిలోమీటర్లు వచ్చిన నీళ్లను చివరి 500 అడుగుల్లో పోసే దిక్కు లేకపోతే ఎత్తిన కరెంటు అంతా గాల్లో కలిసినట్టే.

ఈ నాలుగింటి గురించి మాట్లాడాల్సిన తావులో ఏం జరిగింది? 2023 ఆగస్టు 4న అంగళ్లులో, పుంగనూరులో రాళ్లు పడినాయి. సాగునీటి ప్రాజెక్టుల పేరు మీద సాగిన పర్యటనలో పార్టీల గొడవ. లాఠీలు, మంటలు, కేసులు. నాయకులు మళ్లీ ఎన్నికల్లో నిలబడినారు, గెలిచినారు, ఓడినారు. కోర్టు వాయిదాలకు తిరిగింది పల్లెటూరి పిల్లకాయలు. ఆ పూట విసిరిన రాయి వల్ల ఏ చెరువులోనూ ఒక బిందె నీళ్లు పడలేదు.

మనం అడగాల్సింది

ఇప్పుడు ప్రభుత్వాలు మనకు చెప్పే అంకెలన్నీ ఎత్తే వైపువి. ఎన్ని మోటర్లు ఆన్ చేసినారు, ఎన్ని క్యూసెక్కులు తోడినారు, ఎన్ని కోట్లు ఖర్చు పెట్టినారు. పోసే వైపు అంకెలు మనకు తెలియవు. నేను అడిగేది ఆ రెండో సగం. 110 చెరువుల్లో ప్రతి చెరువు కట్ట మీద ఒక బోర్డు ఉండాల. కాలవ నీళ్లు ఏ తేదీన వచ్చినాయి, ఎన్ని దినాలు పారినాయి, చెరువు ఎంత నిండింది, తర్వాత వంతు ఎప్పుడు. నాలుగు గీతల లెక్క. పుంగనూరు బ్రాంచి కింద చెరువులకూ ఇదే. తాగునీళ్ల కోసం నింపే చెరువులకూ ఇదే.

బోర్డు పెట్టే దాకా ఊరికే కూర్చోబళ్లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉండాది. మన రాష్ట్రంలో పల్లె స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 'మా చెరువుకు హంద్రీ-నీవా నీళ్లు ఏ ఏ తేదీల్లో వచ్చినాయి' అని తెల్ల కాగితం మీద రాసిస్తే 30 దినాల్లో జవాబు ఇవ్వాల. 2024 డిసెంబర్‌లో నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగినాయి. మీ చెరువు సంఘానికి అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే రేపు పొద్దున కనుక్కోండి. ఆయన మీ మామో, చిన్నాయనో అయ్యుంటాడు. 'మామా, మన వంతు ఎప్పుడు?' అని ఇంట్లో మాదిరి అడగండి. ఒక్కడు అడిగితే నవ్వుతాడు, పదిమంది అడిగితే పోయి ఇంజనీరును అడుగుతాడు.

మీ చేతిలో ఫోను ఉండాది. వారానికొక మారు, ఒకే తావున నిలబడి, తూము రాయి కనిపించేటట్టు చెరువు ఫొటో తీసిపెట్టుకోండి. తేదీతో సహా. ఏడాది తిరిగేసరికి 52 ఫొటోలు అవుతాయి. అది మీ ఊరి నీరుగంటి లెక్క. ఏ పార్టీ వాడు వచ్చి 'మేం నింపినాం' అన్నా, 'మీ వాళ్లు ఎండబెట్టినారు' అన్నా, ఆ ఫొటోలు ముందర పెట్టండి. పక్క ఊరోడి ఫొటోలు కూడా కలిపితే, కాలవ యాడ దాకా పారిందో, యాడ ఆగిందో మీకే తెలిసిపోతుంది.

మళ్లీ వరద సీజన్ వస్తాది. మళ్లీ యాడో ఒక తావున మోటర్లు ఆన్ చేస్తారు, హారతి ఇస్తారు, మన ఫోన్లకు ఆ వీడియో వస్తాది. ఇవ్వనీండి, నీళ్లకు దండం పెట్టేది మంచిదే. ఆ వీడియో కింద మాత్రం జిందాబాద్, డౌన్ డౌన్ పెట్టకుండా ఒకే ఒక ప్రశ్న పెట్టండి: 'మా చెరువులో ఎన్ని దినాలు పోసినారు?' ఊరి పేరు, చెరువు పేరు కూడా రాయండి. జవాబు వచ్చేదాకా ప్రతి వీడియో కిందా అదే రాయండి.